రెండే పార్టీల అమెరికాలో ఓటరుకు ఉన్న దారులు: దేనివల్ల ఎంత పని జరుగుతుంది?

అమెరికా పౌరసత్వం తీసుకుని ఓటు హక్కు చేతికొచ్చిన తెలుగువాళ్లలో చాలామంది రెండు మూడు ఎన్నికలకే విసిగిపోతున్నారు. ఒక పార్టీ ఇమిగ్రేషన్ విషయంలో నచ్చదు, ఇంకో పార్టీ పన్నుల విషయంలో నచ్చదు. మూడో పార్టీకి వేస్తే ఓటు వృథా అంటారు. "మన స్టేట్ ఎలాగూ వాళ్లదే, మన ఓటుతో ఏం మారుతుంది" అన్న మాట టెక్సస్‌లోని డల్లాస్‌లోనూ వినిపిస్తుంది, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనూ వినిపిస్తుంది. పార్టీల పేర్లు మాత్రమే తారుమారవుతాయి.

వీటిలో ఏ పార్టీ మంచిదో ఇక్కడ చెప్పబోవడం లేదు. ఈ ఇరుకులోంచి బయటపడటానికి ఓటరు ముందున్న మార్గాలను పక్కపక్కన పెట్టి, దేనివల్ల ఎంత పని జరుగుతుందో, ఎంత కాలం పడుతుందో చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఏడాదే చేయగలిగినవాటిలో, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో ఓటు వేయడం అన్నిటికన్నా బలమైన పని. ఓపికగా పదేళ్లు పట్టుబట్టి సాధించాల్సినవాటిలో, ఓట్ల వాటాను బట్టి సీట్లు పంచే దామాషా ప్రాతినిధ్యం ఒక్కటే రెండు పార్టీల పట్టును నిజంగా సడలిస్తుంది. మిగతావాటికీ ప్రయోజనం ఉంది గానీ, వాటిమీద జనం పెట్టుకున్న ఆశ వాటి శక్తికి మించినది.

ఇరుకు ఎక్కడుంది

2025 అక్టోబరు 1న ఫెడరల్ ప్రభుత్వం మూతపడి 43 రోజుల తర్వాత, నవంబరు 12న తెరుచుకుంది. అప్పటికి దేశ చరిత్రలో అంత సుదీర్ఘమైన షట్‌డౌన్ మరొకటి లేదు. ఆహార సాయం మీద ఆధారపడ్డ సుమారు 4 కోట్ల 20 లక్షల మందికి నవంబరు డబ్బు వేళకు అందలేదు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు జీతం లేకుండా పనిచేశారు. చివరికి 40 పెద్ద విమానాశ్రయాల్లో విమానాలు తగ్గించాల్సి వచ్చింది. అంతకు ముందు 2018-19లో 35 రోజులు మూతపడినప్పుడు దాదాపు 8 లక్షల మంది ఉద్యోగులకు జీతాలు ఆగాయి. ఆ మూసివేతతో ఆర్థిక వ్యవస్థకు 1,100 కోట్ల డాలర్ల నష్టం జరిగిందనీ, అందులో 300 కోట్లు ఇక తిరిగి రావనీ కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు అంచనా వేసింది.

ఇవి ఎప్పుడో ఒకసారి జరిగిన ప్రమాదాలు కావు. ఇప్పుడున్న బడ్జెట్ విధానం వచ్చిన 1970ల నుంచి చూస్తే, ఖర్చు బిల్లులన్నిటినీ కాంగ్రెస్ గడువులోపు ఆమోదించింది నాలుగంటే నాలుగుసార్లు. చివరిసారి అలా జరిగింది 1996లో. ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్ల దగ్గర 2009 జులైలో ఆగి, ఇప్పటికీ అక్కడే ఉంది. 2012లో కనెటికట్‌లోని ఒక బడిలో 20 మంది పిల్లలు తుపాకీ కాల్పుల్లో చనిపోయాక, కొనేవాళ్ల నేపథ్యాన్ని తనిఖీ చేసే బిల్లును ఇద్దరు సెనేటర్లు, చెరో పార్టీ నుంచి, కలిసి తెచ్చారు. 100 మందిలో 54 మంది అవునన్నారు. అయినా ఓడిపోయింది. సెనేట్‌లో చర్చ ముగించి బిల్లును ముందుకు నడపాలంటే 60 ఓట్లు కావాలి. ఒక పార్టీకి 60 సీట్లు రావడం చాలా అరుదు. కాబట్టి బడ్జెట్‌కు సంబంధించిన కొన్ని బిల్లులు తప్ప, రెండో పార్టీ సహకరించకపోతే పెద్ద చట్టాలు కదలవు.

మనవాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ గ్రీన్ కార్డ్ బ్యాక్‌లాగ్, అంటే ఏళ్ల తరబడి కదలని క్యూ. 1990 నాటి చట్టం ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డులకు ఏడాదికి సుమారు 1 లక్షా 40 వేల పరిమితి పెట్టింది. కుటుంబ సభ్యులు కూడా ఆ లెక్కలోకే వస్తారు. ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదు. 2013 జూన్‌లో సమగ్ర ఇమిగ్రేషన్ బిల్లు సెనేట్‌లో 68-32తో నెగ్గింది. రెండు పార్టీలూ ఓటేశాయి. ప్రతినిధుల సభలో దాన్ని ఓటింగ్‌కే తీసుకురాలేదు. తన పార్టీ సభ్యుల్లో మెజారిటీ ఒప్పుకోని బిల్లును స్పీకర్ సభ ముందుకు తేకూడదన్న ఆనవాయితీ అడ్డొచ్చింది. 2019 జులైలో దేశాలవారీ పరిమితి ఎత్తేసే బిల్లు ప్రతినిధుల సభలో 365-65తో పాసైంది. 2020 డిసెంబరులో సెనేట్ కొన్ని మార్పులతో ఆమోదించింది. రెండు సభల బిల్లులనూ ఒకటిగా కలిపేలోపే ఆ కాంగ్రెస్ గడువు అయిపోయింది, బిల్లు చచ్చిపోయింది. రెండో సందర్భాన్ని పూర్తిగా పార్టీల కొట్లాట మీదికి తోసేయలేం. కానీ ఎక్కువమంది సభ్యులు కోరుకున్న పని కూడా ఎందుకు జరగదో ఈ రెండూ చూపిస్తాయి. క్యూలో తమ వరుసను చెప్పే ప్రయారిటీ డేట్ కదలక, పిల్లలకు 21 ఏళ్లు నిండి తమ దరఖాస్తులోంచి తప్పిపోతారన్న టెన్షన్‌తో బతుకుతున్న కుటుంబాలకు ఇది రాజకీయ శాస్త్రం పాఠం కాదు.

నాయకులు స్వార్థపరులు కాబట్టి ఇలా జరుగుతోందని సరిపెట్టుకుంటే దారి దొరకదు. మంచివాళ్లు వెళ్లినా అక్కడి నియమాలు వాళ్లను ఇలాగే నడిపిస్తాయి. ప్రతి నియోజకవర్గానికీ ఒక్కరే సభ్యుడు, ఎక్కువ ఓట్లొచ్చినవాడిదే గెలుపు. ఇలాంటి పద్ధతి ఉన్నచోట రాజకీయం రెండు పార్టీల వైపు ఒరుగుతుందని ఫ్రెంచి పండితుడు మోరిస్ దువెర్జే 1950ల్లోనే చెప్పాడు. మూడోవాడికి వేస్తే నచ్చనివాడు గెలుస్తాడన్న భయం ఓటర్లను మళ్లీ ఆ రెంటి దగ్గరికే తోలుతుంది. పైగా 435 ప్రతినిధుల సభ సీట్లలో నిజంగా పోటీ ఉండేది పదింట ఒక వంతుకు అటూ ఇటూ. మిగతా చోట్ల నవంబరులో ఎవరు గెలుస్తారో వేసవిలోనే తెలిసిపోతుంది. అక్కడ సభ్యుడికి భయం ఎదుటి పార్టీ నుంచి కాదు, సొంత పార్టీ ప్రైమరీలో తనకన్నా గట్టిగా అరిచేవాడి నుంచి. రాజీకి వెళ్లినవాడికి శిక్ష, మొండికేసినవాడికి బహుమానం. చిక్కంతా అక్కడుంది. ఏ దారిని తూచినా ఈ చిక్కును అది ఎంతవరకు విప్పుతుందన్నదే నా కొలత.

నచ్చని ఇద్దరిలో తక్కువ నచ్చనివాడికి వేయడం

అందరూ చేసేది ఇదే. మీరు పెన్సిల్వేనియా, మిషిగన్, జార్జియా, అరిజోనా లాంటి, ఫలితం ఎటైనా మొగ్గే స్వింగ్ స్టేట్‌లో ఉంటే, అధ్యక్ష ఎన్నికల్లో దీన్ని తప్పుపట్టడానికి లేదు. 2000లో ఫ్లోరిడాలో జార్జ్ బుష్ 537 ఓట్ల తేడాతో గెలిచాడు. అదే స్టేట్‌లో గ్రీన్ పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నేడర్‌కు 97,488 ఓట్లు పడ్డాయి. దేశాధ్యక్షుడెవరో ఆ తేడాయే తేల్చింది.

అయితే ఈ ఓటు ప్రమాదాన్ని తప్పిస్తుందే తప్ప పరిస్థితిని మార్చదు. మీ ఓటు ఎలాగూ తమకే పడుతుందని తెలిసిన పార్టీ మీ మాట వినాల్సిన అవసరం లేదు. నవంబరులో ఈ పని చేయండి, కానీ ఇక్కడితో మన పని అయిపోయిందనుకోవద్దు.

మూడో పార్టీ

1992లో రాస్ పెరో సొంతంగా నిలబడి దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు. అంటే ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు. అధ్యక్షుడిని నిజంగా తేల్చే, స్టేట్లవారీగా దక్కే ఎలక్టోరల్ ఓట్లు మాత్రం సున్నా. అధ్యక్ష పదవి దగ్గర మొదలుపెట్టిన మూడో పార్టీకి ఈ పద్ధతిలో భవిష్యత్తు లేదని చెప్పడానికి ఇంకో ఆధారం అక్కర్లేదు. 1854లో పుట్టిన రిపబ్లికన్ పార్టీ ఆరేళ్లలో లింకన్‌ను గెలిపించింది కదా అని కొందరు గుర్తుచేస్తారు. నిజమే, కానీ అప్పటి రెండు పెద్ద పార్టీల్లో ఒకటైన విగ్ పార్టీ బానిసత్వం ప్రశ్న మీద ముక్కలైపోయింది. ఖాళీ అయిన చోటులోకి కొత్త పార్టీ వచ్చింది. మూడోదిగా నిలదొక్కుకోలేదు, రెండోదైంది.

కింది స్థాయిలో మాత్రం వేరు. వెర్మాంట్‌లో ప్రోగ్రెసివ్ పార్టీ నుంచి రాష్ట్ర చట్టసభకు ఎన్నికైనవాళ్లున్నారు. ఆ స్టేట్ నుంచే బెర్నీ శాండర్స్, మెయిన్ నుంచి ఆంగస్ కింగ్ ఇండిపెండెంట్లుగా సెనేట్‌కు వెళ్లారు. న్యూయార్క్‌లో, కనెటికట్‌లో ఒకే అభ్యర్థిని రెండు పార్టీలు నిలబెట్టొచ్చు, రెండు వరుసల్లో పడ్డ ఓట్లూ కలుపుతారు. అందువల్ల చిన్న పార్టీ గుర్తు మీద వేసినా ఓటు పోదు, ఏ కారణంతో వేశారో కూడా అభ్యర్థికి తెలుస్తుంది. మీరు ఆ రెండు స్టేట్లలో ఉంటే ఆ వరుసను తప్పకుండా చూడండి. మిగతా చోట్ల, మీ స్టేట్ ఫలితం ముందే తేలిపోయేదైతే, అధ్యక్ష పదవికి మూడో పార్టీకి వేయడం వల్ల నష్టం లేదు. కొన్ని స్టేట్లలో నిర్ణీత శాతం ఓట్లు వస్తే ఆ పార్టీకి వచ్చేసారి బ్యాలట్‌లో చోటు దొరుకుతుంది. లాభం అంతవరకే.

ప్రైమరీ: పిలవకపోయినా వెళ్లాల్సిన ఎన్నిక

మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఇదే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

పార్టీ టికెట్ అంటే అధిష్ఠానం ఇచ్చేది అన్న ఆలోచనతో పెరిగినవాళ్లం మనం. అమెరికాలో టికెట్ ఇచ్చేది ఓటరు. ప్రైమరీ అంటే అదే. ఫలితం ముందే తెలిసిన నియోజకవర్గాల్లో అసలు ఎన్నిక కూడా ఇదే, నవంబరు నాటిది లాంఛనం. అయినా ప్రైమరీకి వచ్చేవాళ్లు చాలా తక్కువ. వచ్చేవాళ్లు పార్టీలో అంచులకు దగ్గరగా ఉన్నవాళ్లు, ఏదో ఒక్క విషయం మీద పట్టుదల ఉన్నవాళ్లు. వాళ్లకు నచ్చినట్టు నడిచేవాడే సభ్యుడవుతాడు.

తక్కువ ఓట్లతో ఎంత మారుతుందో రెండు పార్టీల్లోనూ చూశాం. 2014లో వర్జీనియాలో రిపబ్లికన్ల మెజారిటీ లీడర్ ఎరిక్ కాంటర్, పెద్దగా పేరులేని ఒక ప్రొఫెసర్ చేతిలో ప్రైమరీలోనే ఓడిపోయాడు. ఆ ప్రచారంలో ఇమిగ్రేషన్ పెద్ద విషయమైంది. ఆ ఫలితం వచ్చాక, అప్పటికే సెనేట్‌లో నెగ్గిన ఇమిగ్రేషన్ బిల్లును ముట్టుకునే ధైర్యం ప్రతినిధుల సభలో ఎవరికీ మిగల్లేదు. 2018లో న్యూయార్క్‌లో డెమోక్రాట్ల అగ్రనాయకుల్లో ఒకడైన జో క్రౌలీని అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ ఓడించింది. ఏడు లక్షల జనాభా ఉన్న ఆ నియోజకవర్గంలో ఇద్దరికీ కలిపి పడ్డ ఓట్లు 30 వేల లోపే. అంత చిన్న ఎన్నికలో కొన్ని వందల తెలుగు కుటుంబాలు కలిసి ఓటేస్తే అభ్యర్థులు వెతుక్కుంటూ వస్తారు. గ్రీన్ కార్డ్ బ్యాక్‌లాగ్ గురించి నవంబరులో అడిగితే చేతిలో కరపత్రం పెట్టి పంపేస్తారు. ప్రైమరీకి నెల ముందు అడిగితే కూర్చోబెట్టి మాట్లాడతారు.

దీనికి ఉన్న లోపమూ చెప్పాలి. మీకు నచ్చని పార్టీదే మీ నియోజకవర్గమైతే, ఆ పార్టీ ప్రైమరీలోనే ఓటేయాల్సి రావచ్చు. అది మనసుకు ఎక్కదు. కానీ ఆ పార్టీ అభ్యర్థే గెలుస్తాడని తెలిసినప్పుడు, వాళ్లలో సర్దుకుపోయే మనిషిని గెలిపించడం ద్రోహమేమీ కాదు. అక్కడ మీకు ప్రతినిధి అయ్యేది ఆ మనిషే.

నియమాలు మార్చే దారులు

ఓటరు తన తీరు మార్చుకోవడంతో జరిగేది కొంతవరకే. నియమాలను మార్చే ప్రతిపాదనల్లో మొదటిది నియోజకవర్గాల సరిహద్దులు గీసే పనిని పార్టీల చేతుల్లోంచి తీసి స్వతంత్ర కమిషన్‌కు ఇవ్వడం. ఇప్పుడు చాలా స్టేట్లలో గెలిచినవాళ్లే తమకు అనుకూలంగా గీతలు గీసుకుంటున్నారు, కంచే చేను మేస్తోంది. మేరీలాండ్‌లో డెమోక్రాట్లు, నార్త్ కరొలైనాలో రిపబ్లికన్లు గీసిన మ్యాపులు రెండూ 2019లో సుప్రీంకోర్టు ముందుకొచ్చాయి. పార్టీ ప్రయోజనం కోసం గీసిన గీతల్లో ఫెడరల్ కోర్టులు తలదూర్చవని 5-4తో తీర్పొచ్చింది. 2018లో మిషిగన్ పౌరులు 4 లక్షలకు పైగా సంతకాలు సేకరించి, ప్రతిపాదనను ఓటింగ్‌కు పెట్టించి కమిషన్ తెచ్చుకున్నారు. అరిజోనా 2000లో, కాలిఫోర్నియా 2008లో ఆ దారి పట్టాయి. మంచి పనే, మీ స్టేట్‌లో బ్యాలట్ మీదికొస్తే అవునని వేయండి. కానీ ఒక్కో స్టేట్ విడిగా చేస్తే అది ఎంత నిలుస్తుందో 2025లో తెలిసింది. టెక్సస్ పదేళ్ల జనగణన దాకా ఆగకుండా, ఇంకో ఐదు సీట్లు గెలవాలని మ్యాపు మార్చింది. దానికి జవాబుగా కాలిఫోర్నియా ఓటర్లు నవంబరులో తమ కమిషన్ గీసిన కాంగ్రెస్ మ్యాపును తాత్కాలికంగా పక్కన పెట్టారు. ఇంకో సంగతి, మనుషులు తమలాంటివాళ్లున్న చోటే ఇళ్లు కొనుక్కుంటున్నారు. ఎంత నిజాయితీగా గీసినా నగరం ఒక పార్టీదే అవుతుంది, పల్లె ఇంకో పార్టీదే అవుతుంది.

రెండోది ర్యాంక్డ్ ఛాయిస్ ఓటింగ్. ఒకరికే టిక్ పెట్టకుండా, ఒకటి, రెండు, మూడు అని అభ్యర్థులకు వరుస ఇస్తారు. ఎవరికీ సగం దాటకపోతే ఆఖరివాడిని తీసేసి, అతనికి వేసినవాళ్ల రెండో ఎంపికకు ఆ ఓట్లు బదిలీ చేస్తారు. మూడో పార్టీకి వేస్తే ఓటు పాడవుతుందన్న భయం పోతుంది. మెయిన్ 2016లో దీన్ని ఆమోదించింది. 2018లో అక్కడి రెండో నియోజకవర్గంలో మొదటి లెక్కలో వెనకబడ్డ జారెడ్ గోల్డెన్ బదిలీ ఓట్లతో గెలిచాడు. ప్రచారం తీరు కూడా కొంత మారుతుంది. 2025 న్యూయార్క్ మేయర్ ప్రైమరీలో జోహ్రాన్ మమ్దానీ, బ్రాడ్ లాండర్ పోటీదారులై ఉండి కూడా, రెండో ఓటు అవతలివాడికి వేయండని ఒకరికొకరు ప్రచారం చేసుకున్నారు.

అయినా దీనిమీద ఉన్న ఆశను కొంచెం తగ్గించుకోవాలని నా మాట. ఆస్ట్రేలియాలో ప్రతినిధుల సభకు 1918 నుంచి ఇదే పద్ధతి. వందేళ్లు దాటినా అధికారం రెండు కూటముల మధ్యే మారుతోంది. ఇండిపెండెంట్లకు, చిన్న పార్టీలకు అంతకుముందెన్నడూ లేనంత బలం వచ్చిన 2022లో కూడా 151 సీట్లలో వాళ్లవి 16. నియోజకవర్గానికి ఒక్కడే సభ్యుడన్న నియమం అలాగే ఉన్నంతకాలం గెలిచేది పెద్ద పార్టీలే. అలాస్కాలో 2022 ఆగస్టు ఉపఎన్నికలో ఇంకో లోపం బయటపడింది. విడివిడిగా పోటీపెడితే మిగతా ఇద్దరినీ ఓడించగలిగిన రిపబ్లికన్ నిక్ బెగిచ్‌కు మొదటి ఎంపికలు తక్కువ పడి, అతనే ముందు బయటికెళ్లాడు. అందరికీ కాస్త నచ్చే మధ్యస్థుడికి ఈ పద్ధతి ఎప్పుడూ మేలు చేస్తుందన్న హామీ లేదు.

అలాస్కా నిజంగా నేర్పింది ప్రైమరీ గురించి. అక్కడ అన్ని పార్టీల అభ్యర్థులూ ఒకే ప్రైమరీలో నిలబడతారు, మొదటి నలుగురూ నవంబరుకు వెళతారు. కాలిఫోర్నియా, వాషింగ్టన్ స్టేట్లలో మొదటి ఇద్దరు వెళతారు. దీని ప్రభావం కళ్లకు కనిపించింది. 2021 జనవరిలో సొంత పార్టీ అధ్యక్షుడిపై అభిశంసనకు ఓటేసిన పదిమంది రిపబ్లికన్ ప్రతినిధుల్లో, తర్వాతి ఎన్నికలో నిలిచి గెలిచింది ఇద్దరే. ఒకరు కాలిఫోర్నియా, ఇంకొకరు వాషింగ్టన్. సెనేట్‌లో అలాగే ఓటేసి 2022లో ఎన్నికను ఎదుర్కొన్న లీసా మర్కౌస్కీ అలాస్కాలో నెగ్గింది. ఆ ఓటు సరైనదా కాదా అన్నది మీ ఇష్టం. సభ్యుడు తన మనస్సాక్షి ప్రకారం ఓటేసి కూడా పదవిలో మిగలగలడా అన్నదే ఇక్కడి ప్రశ్న. అదే ఏడాది ఎన్నికల తర్వాత అలాస్కా రాష్ట్ర సెనేట్‌లో 20 మందిలో 17 మంది, రెండు పార్టీలవాళ్లూ, ఒకే కూటమిగా ఏర్పడ్డారు. ఇలాంటి వార్త ఇంకో స్టేట్ నుంచి వినడం కష్టం.

లోపాలు లేకపోలేదు. 2012లో కాలిఫోర్నియా 31వ నియోజకవర్గంలో నలుగురు డెమోక్రాట్లు ఓట్లు చీల్చుకోవడంతో, వాళ్ల మొగ్గున్న చోటే నవంబరులో ఇద్దరూ రిపబ్లికన్లే మిగిలారు. మొదటి ఇద్దరి పద్ధతి కన్నా మొదటి నలుగురి పద్ధతి మేలని అనడానికి కారణం ఇదే. 2024 నవంబరులో కొలరాడో, నెవాడా, ఐడహో ఓటర్లు అలాస్కా తరహా ప్రతిపాదనలను తిరస్కరించారు. అలాస్కాలోనే రద్దు చేయాలన్న ప్రయత్నం వెయ్యి ఓట్ల లోపు తేడాతో ఓడింది. రెండు పార్టీల యంత్రాంగాలకూ ఇది నచ్చదు. అందుకే బ్యాలట్ మీదికి వచ్చినప్పుడు పోస్టర్ల మీది భయపెట్టే మాటలు చూసి వెనక్కి తగ్గకుండా, ప్రతిపాదన పాఠం చదివి ఓటేయండి.

ఇక దామాషా. ఒక్కో నియోజకవర్గం నుంచి ఒక్కరిని కాకుండా ముగ్గురిని, ఐదుగురిని ఎన్నుకుని, ఓట్ల వాటాను బట్టి సీట్లు పంచడం. అసలు చిక్కు మూలం దగ్గరికి వెళ్లేది ఇదొక్కటే. మసాచుసెట్స్‌లో ప్రతి ముగ్గురిలో ఒకరు రిపబ్లికన్లకు ఓటేస్తారు. అక్కడి 9 ప్రతినిధుల సీట్లూ డెమోక్రాట్లవే, 1994 తర్వాత ఏ ఎన్నికలోనూ అక్కడినుంచి రిపబ్లికన్ సభకు వెళ్లలేదు. ఓక్లహోమాలో ప్రతి ముగ్గురిలో ఒకరు డెమోక్రాట్, 5 సీట్లూ రిపబ్లికన్లవే. ముగ్గురేసి, ఐదుగురేసి సభ్యులుండే నియోజకవర్గాలైతే ఆ మూడోవంతు ఓటర్లకు రెండు చోట్లా ప్రతినిధి ఉంటాడు. గీతలు ఎలా గీసినా పెద్దగా తేడా రాదు. ముగ్గురిని ఎన్నుకునే చోట 25 శాతం, ఐదుగురిని ఎన్నుకునే చోట 17 శాతం ఓట్లున్న మూడో పార్టీకీ సీటొస్తుంది. అప్పుడు ఏ బిల్లు నెగ్గాలన్నా పొత్తు తప్పదు, సహకరించకుండా మొరాయిస్తే ఎదుటివాళ్లు ఇంకొకరితో కలుస్తారు.

ఆస్ట్రేలియా దగ్గరికే మళ్లీ వద్దాం. అదే దేశం, అదే ఓటర్లు, అదే రోజు. కానీ అక్కడి సెనేట్‌కు 1949 నుంచి దామాషా. అక్కడ చిన్న పార్టీలు దశాబ్దాలుగా బిల్లుల తలరాత తేలుస్తున్నాయి. న్యూజిలాండ్ కథ ఇంకా దగ్గరగా ఉంటుంది. 1978లో, 1981లో ఎక్కువ ఓట్లొచ్చిన లేబర్ ఓడిపోయి నేషనల్ పార్టీ అధికారంలో ఉండిపోయింది. 1981లో మూడో పార్టీకి 20 శాతానికి పైగా ఓట్లొచ్చి, సీట్లు రెండే దక్కాయి. ఆ మంట చల్లారలేదు. 1993 రెఫరెండంలో జనం పద్ధతినే మార్చేశారు, 1996 నుంచి మిశ్రమ దామాషా అమల్లో ఉంది. మొదటి ఎన్నిక తర్వాత ప్రభుత్వం ఏర్పడటానికి దాదాపు రెండు నెలలు పట్టింది, జనం చిరాకుపడ్డారు. అయినా 2011లో మళ్లీ అడిగితే 57 శాతం పైగా దీన్నే ఉంచమన్నారు.

భయపడాల్సిన ఉదాహరణలూ ఉన్నాయి. ఇజ్రాయెల్‌లో 3.25 శాతం ఓట్లుంటే చాలు సభలో అడుగుపెట్టొచ్చు. అక్కడ 2019 ఏప్రిల్ నుంచి 2022 నవంబరు దాకా ఐదు ఎన్నికలు జరిగాయి. అందుకే అమెరికాకు సూచిస్తున్నది ముగ్గురు నుంచి ఐదుగురు సభ్యుల చిన్న దామాషా, సీటు దక్కడానికి కావాల్సిన కనీస ఓట్ల గడప ఎత్తుగానే ఉంటుంది. అధ్యక్షుడిని విడిగా ఎన్నుకుంటారు కాబట్టి సభలో పొత్తు కుదరకపోయినా ప్రభుత్వం పడిపోదు.

ఇది అమెరికాకు పరాయిదని కొట్టేసేవాళ్లకు ఇల్లినాయ్ గుర్తుచేయాలి. అక్కడ 1870 నుంచి 1980 దాకా రాష్ట్ర ప్రతినిధుల సభకు ఒక్కో నియోజకవర్గం నుంచి ముగ్గురిని ఎన్నుకునేవారు. షికాగో నుంచి రిపబ్లికన్లు, దాని శివారు ప్రాంతాల నుంచి డెమోక్రాట్లు సభకు వెళ్లేవారు. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ నగరంలో 1941 నుంచీ దామాషాయే. ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ నగరం 2024లో నాలుగు డిస్ట్రిక్టుల నుంచి ముగ్గురేసి చొప్పున 12 మందిని ఇలా ఎన్నుకుంది. కాంగ్రెస్ ఎన్నికలకు తేవాలన్నా రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. నియోజకవర్గానికి ఒక్కడే సభ్యుడన్నది 1967 నాటి మామూలు చట్టం. దాన్ని మార్చే ఫెయిర్ రిప్రజెంటేషన్ యాక్ట్‌ను వర్జీనియా ప్రతినిధి డాన్ బేయర్ 2017 నుంచి ప్రవేశపెడుతూనే ఉన్నారు. సెనేట్‌కు, అధ్యక్ష పదవికి మాత్రం ఇది వర్తించదు, 60 ఓట్ల చిక్కు కూడా దీనితో పోదు. అంతకన్నా ఎక్కువ ఆశ చూపించడం న్యాయం కాదు.

మీరున్న స్టేట్‌ను బట్టి

టెక్సస్, జార్జియా, వర్జీనియాలో ఓటరు రిజిస్ట్రేషన్‌లో పార్టీ రాయనక్కర్లేదు. ప్రైమరీ రోజు వెళ్లి ఏ పార్టీ బ్యాలట్ కావాలో చెబితే చాలు. కాబట్టి ఇక్కడివాళ్లకు ప్రైమరీ మానేయడానికి సాకు లేదు. టెక్సస్‌లో అది మార్చిలోనే వచ్చేస్తుంది, చాలామందికి అయిపోయాక తెలుస్తుంది. ఈ మూడు స్టేట్లలో పౌరులు సంతకాలు సేకరించి చట్టం తెచ్చే వీలు లేదు. నియమాల మార్పు కావాలంటే చట్టసభ సభ్యుల ద్వారానే రావాలి, మళ్లీ ప్రైమరీయే దిక్కు.

న్యూజెర్సీలో ఏ పార్టీలోనూ లేనివాళ్లు ప్రైమరీ రోజే పార్టీ ఎంచుకోవచ్చు. ఒక పార్టీ నుంచి ఇంకోదానికి మారాలంటే మాత్రం 55 రోజుల ముందే మారాలి. న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడాల్లో ప్రైమరీ పార్టీ సభ్యులకే. స్వతంత్రంగా ఉండాలని ఏ పార్టీ రాయకుండా వదిలేసినవాళ్లు అసలు ఎన్నికకు దూరమైపోతున్నారు. న్యూయార్క్‌లో పార్టీ మార్చుకునే గడువు ఫిబ్రవరి 14, ప్రైమరీ జూన్‌లో. మీ నియోజకవర్గంలో ఏ పార్టీ గెలుస్తుందో చూసి అందులో నమోదవ్వండి. అది మీ నమ్మకాల ప్రకటన కాదు, నవంబరులో ఎవరికైనా వేసుకోవచ్చు.

కాలిఫోర్నియా, వాషింగ్టన్, అరిజోనా, కొలరాడో, మిషిగన్, ఒహాయో, మసాచుసెట్స్‌లో ఉంటే సంతకాల దారి తెరిచి ఉంది. ఇక్కడివాళ్లు ప్రైమరీతోపాటు నియమాల మార్పు మీద కూడా సమయం పెట్టాలి. మొదలుపెట్టాల్సింది నగర కౌన్సిల్, స్కూల్ బోర్డు దగ్గర. కేంబ్రిడ్జ్, పోర్ట్‌లాండ్ చేసింది అదే.

ఓటు హక్కు ఇంకా రానివాళ్లకు

హెచ్-1బీ మీద ఉన్నా, గ్రీన్ కార్డ్ ఉన్నా ఫెడరల్ ఎన్నికల్లో ఓటేయడం నేరం, దేశం నుంచి పంపేయడానికి అది చాలు. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ఫారం నింపేటప్పుడు ఓటరుగా నమోదు చేయాలా అన్న పెట్టె దగ్గర జాగ్రత్తగా చూసుకోండి, పొరపాటున టిక్ పడినా తర్వాత పౌరసత్వం దరఖాస్తులో ఇబ్బంది పెడుతుంది. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు అభ్యర్థులకు చందా ఇవ్వొచ్చు. హెచ్-1బీ వాళ్లు ఇవ్వకూడదు. పౌరసత్వం ఉన్న స్నేహితుడి పేరుమీద ఇప్పించడమూ నేరమే.

కానీ మీ ప్రతినిధి ఆఫీసుకు ఫోన్ చేయడానికి, ఇమిగ్రేషన్ కేసు ఎక్కడో ఆగిపోతే సాయం అడగడానికి పౌరసత్వం అక్కర్లేదు. ఆ నియోజకవర్గంలో నివాసం ఉంటే చాలు. వాళ్లిచ్చే అనుమతి ఫారం మీద సంతకం చేస్తే, మీ తరఫున సంబంధిత శాఖను అడుగుతారు. ఆ ఫోన్లలో బ్యాక్‌లాగ్ బిల్లు గురించి కూడా అడగండి. ఏ విషయం మీద ఎన్ని ఫోన్లు వచ్చాయో ఆ ఆఫీసులు లెక్క పెట్టుకుంటాయి.